2 లక్షల కిలోమీటర్లు దాటిన ఆఫ్-రోడ్ పికప్: లైట్ బార్ కంటే ముందు ఓబీడీ రీడర్ కొనండి

ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించే రాస్తుంటాను కదా. ఈసారి గ్యాడ్జెట్ చాలా చిన్నది, వెయ్యి రూపాయల లోపు దొరికే బ్లూటూత్ ఓబీడీ డాంగిల్. దాన్ని టెస్ట్ చేసిన బండి మాత్రం దాదాపు రెండు టన్నులు.

మాది తుళ్లూరు. 2017లో నాన్న ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ కొన్నారు. 2.5 లీటర్ల టర్బో డీజిల్, 134 హార్స్‌పవర్, 320 న్యూటన్ మీటర్ల టార్క్, 5 గేర్ల మాన్యువల్, అవసరమైనప్పుడు నాలుగు చక్రాలకీ పవర్. శ్రీసిటీ ప్లాంట్ 2016 ఏప్రిల్‌లో మొదలైంది కాబట్టి మన రాష్ట్రంలో తయారైన తొలి బ్యాచ్‌లలో ఇదీ ఒకటి అనుకోవచ్చు. ఇప్పుడు మీటర్ మీద 2,18,000 కిలోమీటర్లు. అందులో సగం తారు రోడ్డు మీద తిరిగినవి కావు. పెదకూరపాడు వైపు మా కౌలు చేనుకి వెళ్లే డొంక, వానాకాలంలో వాగు, మధ్యలో రాజధాని పనుల లారీలు తవ్వేసిన మట్టి రోడ్లు. నల్లరేగడి ఎండితే దుమ్ము, తడిస్తే బంక. బండికి రెండూ శత్రువులే.

పోయిన సంక్రాంతికి హైదరాబాద్ నుంచి ఇంటికి వచ్చినప్పుడు నా ప్లాన్ వేరు. రెండు అంగుళాల లిఫ్ట్ కిట్, మడ్ టైర్లు, ముందు లైట్ బార్, ఆండ్రాయిడ్ స్టీరియో. కార్ట్‌లో అన్నీ కలిపి లక్షా ఇరవై వేలు. డాంగిల్‌ని ఊరికే టైంపాస్‌కి అదే ఆర్డర్‌లో వేశాను. అది ముందు వచ్చింది. మిగతా కార్ట్ ఆగిపోయింది.

ముల్లు మధ్యలోనే ఉంది, ఇంజిన్ మాత్రం ఉడుకుతోంది

ఓబీడీ పోర్ట్ స్టీరింగ్ కింద ఉంటుంది. డాంగిల్ గుచ్చి, ఫోన్‌లో టార్క్ లాంటి యాప్ కనెక్ట్ చేసి, చేనుకి డ్రిప్ పైపులు, మోటార్ వేసుకుని బయల్దేరాం. ఏసీ ఆన్. డొంకలో సెకండ్ గేర్‌లో పోతుంటే కూలెంట్ టెంపరేచర్ 96, 101, 106... చివరికి 109 డిగ్రీలు. డాష్‌బోర్డ్ మీద ముల్లు చూస్తే సరిగ్గా మధ్యలో!

"ముల్లు మధ్యలోనే ఉందిగా రా, నీ ఫోనే తప్పు చూపిస్తుందేమో" అన్నారు నాన్న.

తప్పు ఫోన్‌ది కాదు. చాలా బండ్లలో ఆ ముల్లు సెన్సార్ రీడింగ్‌ని ఉన్నదున్నట్టు చూపించదు. కొంత రేంజ్ మొత్తానికీ మధ్యలోనే నిలబడేలా సాఫ్ట్‌వేర్‌లో సర్దేస్తారు, డ్రైవర్ ఊరికే కంగారు పడకూడదని. యూఐ డిజైన్‌గా బానే ఉంది. కానీ ముల్లు కదిలే టైమ్‌కి ఆలస్యం అయిపోయి ఉంటుంది. అల్యూమినియం సిలిండర్ హెడ్ ఎక్కువ వేడికి వంగితే హెడ్ గ్యాస్కెట్ పోతుంది, ఆ ఖర్చుకి మన లిఫ్ట్ కిట్ ఓ మూలకి రాదు.

బానెట్ తీసి చూస్తే కారణం దొరికింది. ముందు ఏసీ కండెన్సర్, దాని వెనక రేడియేటర్. ఆ రెండిటి మధ్య సందులో ఏడేళ్ల రేగడి దుమ్ము, పత్తి నూగు, ఎండుటాకు ముక్కలు కలిసి పరుపులా పేరుకున్నాయి. బయట నుంచి ఎన్నిసార్లు వాటర్ సర్వీసింగ్ చేయించినా లోపలి పొర కనపడదు. పైగా ప్రెషర్ గన్ ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి పోతుంది, ఫిన్స్ కూడా వంగిపోతాయి. మేం పై బ్రాకెట్లు విప్పి, ఇంజిన్ వైపు నుంచి బయటికి, మామూలు పైపుతో మెల్లగా నీళ్లు పట్టాం. నల్లటి నీళ్లు గంటసేపు వచ్చాయి. తర్వాత పాత కూలెంట్ మొత్తం తీసేసి, మాన్యువల్‌లో చెప్పిన రకం డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోశాం. బోరు నీళ్లు పోయొద్దు, మా దగ్గర నీళ్లలో ఉప్పు చాలా ఎక్కువ.

మళ్లీ అదే డొంక, అదే బరువు, అదే ఏసీ. ఈసారి 95 దాటలేదు. ఖర్చు కూలెంట్ డబ్బులు, ఒక ఆదివారం.

టర్బో మార్చమన్నారు, పోయింది పైపు

రెండో సమస్య పికప్ తగ్గడం. ఓవర్‌టేక్ చేయబోతే బండి లాగట్లేదు, వెనక నల్ల పొగ. ఒక మెకానిక్ వినగానే "టర్బో పోయింది, మార్చాలి" అన్నాడు. యాప్‌లో కోడ్ పీ0299. అంటే టర్బో ఇవ్వాల్సినంత బూస్ట్ రావట్లేదు అని. ఎందుకు రావట్లేదో కోడ్ చెప్పదు. మనం రాసే ప్రోగ్రామ్‌లో ఎర్రర్ మెసేజ్ లాంటిదే, లైన్ నంబర్ ఇచ్చినంత మాత్రాన బగ్ అక్కడే ఉందని గ్యారంటీ లేదు.

ముందు సెన్సార్ అబద్ధం చెప్తుందేమో చూడాలి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేస్తే మానిఫోల్డ్ ప్రెషర్ బయటి గాలి ఒత్తిడికి సమానంగా ఉండాలి. తుళ్లూరులో అయితే 100 కిలోపాస్కల్స్ దగ్గర, ఎత్తు మీద ఉన్న హైదరాబాద్‌లో అయితే 95 దగ్గర. మాది 100 చూపించింది, సెన్సార్ ఓకే. థర్డ్ గేర్‌లో ఫుల్‌గా తొక్కితే 200 దాటాల్సింది 150 దగ్గరే ఆగిపోతోంది. మా బాబాయ్ ఇంజిన్ రేజ్ చేస్తుంటే నేను ఇంటర్‌కూలర్ పైపుల మీద సబ్బు నీళ్లు స్ప్రే చేశాను. ఒక రబ్బర్ హోస్ మడత దగ్గర బుడగలు. పాతబడి చీలిన పైపు, అంతే. విజయవాడ ఆటోనగర్ వెళ్లి హోస్, రెండు క్లాంపులు తెచ్చి వేశాం. పొగ ఆగింది. అన్నిసార్లూ ఇంత తేలిగ్గా తేలదు, టర్బో నిజంగానే పోయే బండ్లూ ఉంటాయి. కానీ వేల రూపాయల పార్ట్ మార్చే ముందు పది నిమిషాల సబ్బు నీళ్ల టెస్ట్ చేయకపోవడం మాత్రం తప్పు.

డాంగిల్ కొనేవాళ్లకి ఒక మాట. ఈఎల్ఎం327 అనే చిప్ అసలు తయారీదారు ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ అనే కెనడా కంపెనీ, అది 2022లో మూతపడింది. చవగ్గా దొరికేవి దాదాపు అన్నీ క్లోన్లే. కొన్ని కొన్ని కమాండ్లకి జవాబే ఇవ్వవు, అందుకే రిటర్న్ ఉన్న చోటే కొనండి. ఐఫోన్ వాళ్లు పాత బ్లూటూత్ మోడల్ తీసుకుంటే కనెక్ట్ అవ్వదు, బీఎల్ఈ లేదా వైఫై మోడల్ చూడండి. పని అయ్యాక పోర్ట్‌లోంచి తీసేయండి. చాలా రోజులు అలాగే వదిలేస్తే బ్యాటరీ డౌన్ కావచ్చు.

యాప్‌లో కనపడనివి

యాక్సిల్ ఆయిల్‌కి సెన్సార్ ఉండదు. వెనక డిఫరెన్షియల్ ప్లగ్ విప్పితే మాకు పాలు ఎక్కువైన కాఫీ రంగులో ఆయిల్ వచ్చింది, అంటే లోపలికి నీళ్లు పోయాయి. డిఫరెన్షియల్ మీద చిన్న బ్రీదర్ ఉంటుంది. తిరిగి తిరిగి వేడెక్కిన యాక్సిల్ వాగు నీళ్లలో దిగ్గానే లోపలి గాలి కుంచించుకుపోయి బయటి నుంచి పీలుస్తుంది. బ్రీదర్ మట్టితో మూసుకుపోయి ఉంటే సీల్స్ సందుల్లోంచి నీళ్లు లాగుతుంది. ఆయిల్ మార్చి, బ్రీదర్‌కి సన్నటి ట్యూబ్ తగిలించి ఎత్తుగా పైకి తీసుకెళ్లి కట్టాం. ఈ బండికి నేను చేసిన బెస్ట్ అప్‌గ్రేడ్ ఇదే, ఫొటో తీస్తే కనపడదు కూడా. ముందు డిఫరెన్షియల్, ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్స్ కూడా ఆ రోజే మార్చేశాం, ప్రొపెల్లర్ షాఫ్ట్ నిపుల్స్‌కి గ్రీజు కొట్టాం.

ఫోర్ వీల్ డ్రైవ్ వాడకపోతే పట్టేస్తుంది. నెలకోసారి మట్టి రోడ్డు మీద 4హెచ్‌లో నాలుగైదు కిలోమీటర్లు తిప్పండి. ఎండిన తారు మీద వద్దు. ఇలాంటి పార్ట్ టైమ్ సిస్టమ్‌లో సెంటర్ డిఫరెన్షియల్ ఉండదు, మలుపులో ముందు వెనక చక్రాలు వేర్వేరు దూరం తిరగాలనుకుంటే ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది.

టైర్ల విషయానికొస్తే, మా బండికి ఉన్న సైజు 255/60 ఆర్18, వ్యాసం సుమారు 763 మిల్లీమీటర్లు. నేను కార్ట్‌లో పెట్టిన 285/65 ఆర్17 సుమారు 802. అంటే 5 శాతం పెద్దది. మీటర్ 100 చూపిస్తే నిజంగా 105లో పోతుంటాం, గేర్లు బరువెక్కుతాయి, ఓడోమీటర్ తక్కువ తిరుగుతుంది కాబట్టి సర్వీస్ కూడా లేట్ అవుతుంది. అందుకే అదే సైజులో ఆల్-టెరైన్ వేశాం. రేగడి బంకలో ఇరుక్కునే చోట గాలి 20 పీఎస్ఐకి దింపితే గ్రిప్ బాగా పెరుగుతుంది, రోడ్డెక్కే ముందు మళ్లీ నింపుకోవాలి. కాబట్టి 12 వోల్టుల చిన్న కంప్రెసర్ మస్ట్.

లిఫ్ట్ కిట్ వదిలేశాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్ మార్చడం కుదరదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లకి అదొక్కటి చాలు. ఇక వెనక కమాన్ కట్టకి ఎక్స్‌ట్రా పట్టీ వేయించుకుంటే బండి కూర్చోదు కానీ బ్రేకులు, యాక్సిల్ మోయగలిగే బరువు ఏమీ పెరగదు.

ఇప్పటికి మొత్తం ఖర్చు టైర్లతో కలిపి అనుకున్నదాంట్లో సగం. ముందు సస్పెన్షన్ బుష్‌లు ఇంకా టకటకమంటున్నాయి, ఉగాదికి అవి మార్చాలి. లైట్ బార్ కార్ట్‌లోనే ఉంది. నాన్న మాత్రం రోజూ పొద్దున్నే నా పాత ఫోన్ డాష్‌బోర్డ్ మీద పెట్టుకుని, కూలెంట్ ఎంత ఉందో చూసుకున్నాకే గేర్ వేస్తున్నారు.