అద్దాల మేడకు ఏ నిచ్చెన?

హైదరాబాదు మాదాపూర్‌లో 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తరువాత మన నగరాలలో అద్దాల గోడల మేడలు వరుసగా లేస్తూనే ఉన్నాయి. బ్యాంకులు, ఆసుపత్రులు, బట్టల దుకాణాలు సైతం అద్దాలు తొడుక్కున్నాయి. అద్దం అన్నాక దుమ్ము పడుతుంది, దుమ్ము పడితే తుడవాలి. బాగా ఎత్తయిన మేడలకు పైకప్పునుంచి తాళ్ళో, వేలాడే తొట్టో దించుతారు. నాలుగైదు అంతస్తుల మేడలకైతే కిందినుంచే మనిషిని లేపే యంత్రం తెస్తారు. దాన్నే ఏరియల్ లిఫ్ట్ అంటారు. వీటిలో ఏ పనికి ఏది తగినదో ఎలా నిర్ణయించాలన్నదే ఈ వ్యాస విషయం.

“ఎన్ని అడుగుల ఎత్తు లేస్తుంది?” అని అందరూ మొదట అడుగుతారు. నిజానికి అది చివర అడగవలసిన ప్రశ్న. ఎందుకంటారా? కారణం మనం ఇంటర్మీడియట్‌లో చదువుకున్న భౌతికశాస్త్రంలోనే ఉంది.

రకాలు

మొదటిది సిజర్ లిఫ్ట్. కత్తెర మడతలు విప్పినట్టు నిట్టనిలువుగా లేస్తుంది. వేదిక విశాలంగా ఉంటుంది, ఇద్దరు పక్కపక్కన నిలబడి హాయిగా తుడవచ్చు. కాని అడ్డం దాటి ముందుకు పోలేదు. రెండవది టెలిస్కోపిక్ బూమ్. ఒకే పొడవాటి చేయి, కొసన బుట్ట. చాలా దూరం అందుతుంది. మూడవది ఆర్టిక్యులేటెడ్ బూమ్. దీనికి మన మోచేతి మాదిరి కీళ్ళుంటాయి. కింద ఉన్న అడ్డాన్ని ఎక్కి దాటగలదు. నాలుగవది స్పైడర్ లిఫ్ట్. సన్నని దారిలో దూరి, నాలుగు కాళ్ళు చాచి నిలబడుతుంది. ఇవిగాక లారీమీద బిగించినవి ఉన్నాయి. వీధి దీపాలు బాగుచేసేచోట వీటిని చూస్తూనే ఉంటాం. బుట్ట ఉన్న లిఫ్ట్‌ను ఇంగ్లీషువాళ్ళు చెర్రీ పికర్ అంటారు. చెట్టుమీది చెర్రీ పండ్లు కోసే పనినుంచి వచ్చిన పేరది. మామిడికాయకు మనం చిక్కం పంపిస్తాం, వాళ్ళు మనిషినే పంపించారన్నమాట.

ఏతాం సూత్రం

కరెంటు మోటార్లు రాకముందు మన పల్లెల్లో ఏతాంతో నీళ్ళు తోడేవారు. దూలానికి ఒక కొసన బాన, రెండో కొసన దానికి ఎదురు బరువు. బూమ్ లిఫ్ట్ కూడా అంతే. బరువును, ఇరుసునుంచి దాని దూరాన్ని గుణిస్తే వచ్చేది బలభ్రామకం. బుట్టలో ఇద్దరు మనుషులు, నీళ్ళు, పనిముట్లు కలిసి 200 కిలోలు అనుకుందాం. బుట్ట 5 మీటర్లు పక్కకు పోతే బలభ్రామకం 1000 కిలోగ్రామ్-మీటర్లు. 10 మీటర్లు పోతే 2000. బరువు అంతే ఉంది, యంత్రాన్ని పడదోసే ప్రయత్నం మాత్రం రెట్టింపయింది. దీన్ని ఎదుర్కోవడానికే యంత్రానికి వెనక అంతేసి ఇనుప దిమ్మలు పెడతారు. సుమారు 230 కిలోలు మోసే 60 అడుగుల టెలిస్కోపిక్ బూమ్ తాను 10 టన్నుల దాకా తూగడానికి ముఖ్యకారణం ఇదే.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. మొదటిది, నీళ్ళూ బరువే. 20 లీటర్ల బకెట్లు రెండు పెడితే 40 కిలోలు పెరిగినట్టు. రెండవది, కాగితంమీద గరిష్ఠమైన ఎత్తు, గరిష్ఠమైన దూరం రెండూ రాసి ఉంటాయిగాని అవి ఒకేసారి రావు. ఏ ఎత్తులో ఎంత దూరం అందుతుందో చూపే పటం ప్రతి యంత్రానికీ ఉంటుంది. దాన్ని చూడకుండా అద్దెకు తేవడం, కొలత తీసుకోకుండా చొక్కా కుట్టించడం లాంటిది.

నేల సంగతి

బూమ్ ఒక మూలకు తిరిగినప్పుడు మొత్తం బరువులో సుమారు సగం ఆ మూల చక్రంమీదే పడవచ్చు. 10 టన్నుల యంత్రమైతే ఒక్క చక్రంకింద 5 టన్నులు! మన నగరాలలో చాలా మేడల ముందు కనిపించే చదునైన వాకిలి నిజానికి నేల కాదు, సెల్లార్‌కు పైకప్పు. కార్లు తిరగడానికి వేసిన శ్లాబు ఈ యంత్రాన్ని మోస్తుందో లేదో ఇంజనీరు లెక్కకట్టి చెప్పాలేగాని కంటితో చూసి చెప్పలేం. కొత్తగా పూడ్చిన కాలవలు, మ్యాన్‌హోల్ మూతలు, వానకు నానిన పచ్చిక కూడా ఇలాంటివే.

స్పైడర్ లిఫ్ట్ కాలిమీద 1500 కిలోలు పడుతున్నాయనుకోండి. పాదం 20 సెంటీమీటర్ల చదరమైతే పీడనం చదరపు సెంటీమీటరుకు 3.75 కిలోలు. దానికింద 60 సెంటీమీటర్ల చదరపు గట్టి పలక వేస్తే 0.42 కిలోలే. అంటే తొమ్మిదో వంతు. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు వెడల్పాటి ఇనుప చక్రాలు తగిలించడంలో ఉన్న సూత్రం కొంతవరకు ఇదే.

గాలి, కరెంటు

ఆరుబయట వాడదగ్గ లిఫ్టులకు సాధారణంగా సెకనుకు 12.5 మీటర్ల గాలి హద్దు, అనగా గంటకు 45 కిలోమీటర్లు. గాలి వేగం రెట్టింపయితే దాని ఒత్తిడి నాలుగింతలవుతుంది. మేడ మూలల దగ్గర గాలి మరింత వడిగా తిరుగుతుంది. భవనం లోపల మాత్రమే వాడవలసిన సిజర్ లిఫ్టులు కూడా ఉన్నాయి. అద్దె తక్కువని వాటిని బయటికి తేకూడదు. ఇక వీధిలో కరెంటు తీగలుంటే, 50 కిలోవోల్టుల వరకు కనీసం 10 అడుగుల ఎడం ఉండాలని అమెరికా నిబంధన.

ఒక ఉదాహరణ

ఒక అయిదంతస్తుల కార్యాలయం ఊహించుకుందాం. అద్దాల పైఅంచు 16 మీటర్లు. మనిషి చేయి అందేందుకు 2 మీటర్లు తీసేస్తే వేదిక 14 మీటర్లు లేవాలి. ముందు 4 మీటర్ల పోర్టికో, వాకిలికింద సెల్లార్ ఉన్నాయి. ఎత్తు మాత్రమే చూసినవాడు 14 మీటర్ల సిజర్ లిఫ్ట్ తెస్తాడు. అది పోర్టికో ముందే ఆగుతుంది, అద్దం అందదు. అప్పుడు బుట్టలోని మనిషి కటకటాలెక్కి వంగుతాడు. ప్రమాదం పుట్టేది అక్కడే. పెద్ద బూమ్ తెస్తే అద్దం అందుతుందిగాని, శ్లాబు మాటేమిటి? కాబట్టి పోర్టికోమీదుగా కీళ్ళు వంచగల రెండు మూడు టన్నుల స్పైడర్ లిఫ్ట్, కాళ్ళకింద పలకలు, కాలికి ఇంత బరువు పడవచ్చునని ఇంజనీరు రాతపూర్వకమైన అనుమతి. ఇదీ సరైన ఎంపిక. పని ఏడాదికి రెండు మూడు సార్లే అయితే కొనడంకన్నా అద్దె మేలు.

కింది మూడు అంతస్తులకు అసలు యంత్రమే అక్కరలేదు. ఖనిజ లవణాలు తీసేసిన నీటిని పొడుగాటి గొట్టపు కర్ర కొసనున్న కుంచెకు పంపి నేలమీదినుంచే కడగవచ్చు. బోరునీళ్ళు ఆరితే మిగిలే తెల్లమచ్చలు ఈ నీటితో రావు. మనిషి ఎక్కకుండా జరిగే పనికి మనిషిని ఎక్కించరాదు. బ్రిటన్ 2005లో తెచ్చిన ఎత్తుపనుల నిబంధనలలో మొదటి సూత్రం ఇదే.

ఎక్కేవాడు

యంత్రాన్ని ఎన్నుకునేవాడు ఆఫీసులో కుర్చీమీద ఉంటాడు. బుట్టలోకి ఎక్కేవాడు వేరు. ఏ యంత్రం వచ్చిందని అడిగే హక్కు అతనికి ఉండదు, వద్దంటే ఆ రోజు కూలి పోతుంది. అంచేత ఎన్నుకునేవాడి తెలివే అతని ప్రాణానికి కాపు. బూమ్ బుట్టలో నడుముకూ భుజాలకూ బెల్టు కట్టి, దాని తాడును బుట్టలోని కొక్కేనికే తగిలించాలి, మేడకు కాదు. చక్రం చిన్న గోతిలో దిగితే చాలు, బుట్ట మనిషిని ఉండేలులోని రాయిలా విసిరేస్తుంది. కింద ఒక మనిషి, అత్యవసరంగా బుట్టను దించడం తెలిసినవాడు, ఎప్పుడూ ఉండాలి.

ఈ సంచిక చదివే మిత్రులలో కొందరు రేపు ఇంజనీర్లు, మేనేజర్లు, ఇంటి యజమానులు అవుతారు. ఏదో ఒకనాడు లిఫ్ట్ అద్దె కాగితం సంతకానికి మీ ముందుకు రావచ్చు. ఎక్కకుండా జరుగుతుందా? నేల ఏమిటి? అడ్డమేమిటి? బుట్టలో బరువెంత? గాలి ఎంత? ఎత్తెంత? ఈ ఆరు ప్రశ్నలు ఇదే వరుసలో అడిగి, జవాబులు వచ్చాకే సంతకం పెట్టండి.