సొంతంగా కోడ్ రాస్తేనే అర్థమయ్యే వేరియన్స్

మనలో చాలామందికి డేటా సైన్స్ అంటే ఒక లైబ్రరీని ఇంపోర్ట్ చేసి, ఫంక్షన్‌ని పిలిచి, వచ్చిన నంబర్‌ని రికార్డులో రాసుకోవడం. బీటెక్ ల్యాబ్‌కి అది సరిపోతుంది. కానీ 2024 నుంచి గేట్‌లో డేటా సైన్స్, ఏఐకి విడిగా ఒక పేపర్ ఉంది. ఎంటెక్ గురించి ఆలోచించేవాళ్లకి ఒక మాట చెప్పాలనిపించింది. పీజీ స్థాయిలో "ఈ ఫార్ములా ఏంటి?" అన్న ప్రశ్న సరిపోదు, "ఇది ఎక్కడ పనిచేయదు?" అని కూడా అడగాలి. మొదటిదానికి పుస్తకంలో జవాబు దొరుకుతుంది. రెండోది తెలియాలంటే ఆ సాఫ్ట్‌వేర్ మనమే రాసి చూడాలి.

ఇంటర్‌లో అందరం చేసిన వేరియన్స్‌నే ఉదాహరణగా తీసుకుందాం. నేను మొదటి నుంచి ఇంగ్లీష్ మీడియం కాబట్టి టెక్నికల్ మాటలు అలాగే వాడుతున్నాను, ఏమనుకోకండి.

పరీక్షలో షార్ట్‌కట్ ఏంటంటే, వర్గాల సగటులోంచి సగటు వర్గాన్ని తీసేయడం. 1, 2, 3కి చేస్తే 4.67 − 4 = 0.67. బాగుంది.

ఇప్పుడు ఒక యాప్‌లో మూడు క్లిక్కులు ఒక్కో సెకను తేడాతో పడ్డాయి అనుకుందాం. కంప్యూటర్ సమయాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెడుతుంది. 2023 నవంబర్‌లో ఆ లెక్క 170 కోట్లు దాటింది. కాబట్టి మన డేటా 1700000001, 1700000002, 1700000003. వేరియన్స్ మళ్లీ 0.67 రావాలి, ఎందుకంటే అన్నిటికీ ఒకే సంఖ్య కలిపితే వేరియన్స్ మారదు.

కానీ ఫ్లోట్‌తో షార్ట్‌కట్ వాడితే 0.67 రావడం అసాధ్యం. 64 బిట్ల ఫ్లోట్‌లో విలువకి దొరికేది 53 బిట్లే, అంటే దాదాపు 16 అంకెలు. మన వర్గాలకేమో 19 అంకెలున్నాయి. అంత పెద్ద సంఖ్యల దగ్గర ఒక ఫ్లోట్‌కీ తర్వాతి ఫ్లోట్‌కీ మధ్య దూరం 512. అందుకే తీసివేత జవాబు 0 అన్నా వస్తుంది, 512 గుణిజమన్నా వస్తుంది. మైనస్ కూడా రావచ్చు. ఎర్రర్ మెసేజ్ మాత్రం రాదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

దీనికి వెల్ఫర్డ్ 1962లోనే ఒక పద్ధతి చెప్పాడు. వర్గాలని పోగేయకుండా మూడే విషయాలు గుర్తుపెట్టుకోవాలి: ఎన్ని సంఖ్యలు వచ్చాయి, ఇప్పటిదాకా సగటు, తేడాల మొత్తం. కొత్త సంఖ్య రాగానే పాత సగటుతో దాని తేడా చూసి, సగటుని సరిచేసి, కొత్త సగటుతోనూ తేడా చూడాలి. ఆ రెండు తేడాల లబ్ధాన్ని మొత్తానికి కలపాలి.

మన డేటాతో చేద్దాం. మొదటి సంఖ్యకి మొత్తం 0. రెండోదానికి తేడాలు 1, 0.5, మొత్తం 0.5. మూడోదానికి తేడాలు 1.5, 1, మొత్తం 2. దాన్ని 3తో భాగిస్తే 0.67. పెద్ద వర్గం ఎక్కడా రాలేదు. పైగా డేటాని ఒక్కసారి చదివితే చాలు, కోట్ల వరుసలున్నా మెమరీలో దాచుకోవాల్సింది ఆ మూడు విలువలే.

ఇక టెస్టులు. "స్థిరాంకం కలిపితే వేరియన్స్ మారదు" అన్నది క్లాసులో సిద్ధాంతం, కోడ్‌లో అదే టెస్ట్. అన్నీ ఒకే సంఖ్య అయితే 0 రావాలి, ఇది రెండో టెస్ట్. డేటాని రెండు ముక్కలు చేసి, విడివిడిగా లెక్కించి కలిపినా అదే జవాబు రావాలి, ఇది మూడోది. ఈ కలిపే సూత్రాన్ని 1979లో చాన్, గోలబ్, లెవెక్ ఇచ్చారు. డేటా చాలా మెషిన్ల మీద ఉన్నప్పుడు పనికొచ్చేది ఇదే.

కోడ్‌దేముంది, ఇప్పుడు ఏఐ రాసిస్తుంది కదా అంటారా? రాసిస్తుంది. కానీ అది షార్ట్‌కట్ ఇచ్చిందో, వెల్ఫర్డ్ పద్ధతి ఇచ్చిందో పట్టుకోవాలంటే పై మూడు టెస్టులు మన బుర్రలో ఉండాలి. నా దృష్టిలో పీజీ చదువు అంటే అదే.

మీకో పని: ఇదే పద్ధతిలో కోవేరియన్స్ రాయండి. కోడ్ కంటే ముందు టెస్టులు రాయండి.