నంజుకొనే రుచులు

తెలుగువారి విస్తరిలో పచ్చడి ఒంటరిగా కనిపించడం అరుదు. దాని ప్రక్కన ఒక వడియమో, అప్పడమో, ఊరమిరపకాయో చేరుతుంది. అన్నం తింటూ మధ్యమధ్య వీటిని కొద్దికొద్దిగా కొరుక్కోవడాన్ని 'నంజుకోవడం' అంటారు. (పాత నిఘంటువులలో 'నంజుడు' అనే మాటకు మాంసమని అర్థం ఉండడం ఒక వింత.) గారెను అల్లం పచ్చడిలోను, పునుగును కొబ్బరి పచ్చడిలోను అద్దుకొని తినడం దీనికి దగ్గరి చుట్టం. నేటి పట్టణాల విందులలో ఇదే పద్ధతి మరొక రూపం ధరించింది. బల్ల మధ్య ఒక గిన్నెలో చిక్కని 'డిప్' ఉంచి, చుట్టూ మొక్కజొన్న చిప్స్, రొట్టె ముక్కలు, కీరా, క్యారెట్ ముక్కలు అమర్చుతారు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సల్సా, హమ్మస్ గోంగూర పచ్చడితో సమానంగా పరిచయమే.

విందు ఏ దేశానిదైనా, గృహిణికి శ్రమ పచ్చడి దగ్గర కాదు, పచ్చడిలో అద్దవలసిన వస్తువు దగ్గర ఎదురవుతుంది. పచ్చడి గడియలో సిద్ధమవుతుంది. వడియానికి నాలుగు రోజుల ఎండ కావాలి. పచ్చడిలో ఉప్పు తగ్గితే వడ్డించేటప్పుడైనా కలపవచ్చు. మెత్తబడిన వడియాన్ని అతిథుల ఎదుట సరిదిద్దడానికి వీలులేదు.

ఈ ఇబ్బంది సముద్రతీర గ్రామాలవారికి బాగా తెలుసు. నిజాంపట్నం మండలంలోని అడవులదీవి అటువంటి ఊరు. పేరులోనే అడవి, దీవి రెండూ ఉన్న ఈ గ్రామం ఒకప్పుడు గుంటూరు జిల్లాలో ఉండేది. 2022లో బాపట్ల జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. తెనాలి, రేపల్లెల మీదుగా తీరానికి దిగిన కొద్దీ గాలిలో తేమ పెరుగుతుంది. వేయించిన పదార్థం ఆ తేమను పీల్చుకొని త్వరగా సాగుతుంది. హైదరాబాదులో పూటంతా కరకరలాడే అప్పడం ఇక్కడ అంతసేపు నిలవదు. వాడే ఉప్పు కూడా ఇందుకు కొంత కారణం. శుద్ధి చేయని కల్లుప్పులో మెగ్నీషియం క్లోరైడు ఉంటుంది. అది తేమను ఆకర్షిస్తుంది. కనుక తీరప్రాంతంలో వడియాలలో ఉప్పు ఒక పలుకు తగ్గించి వేయడమే తెలివి. అద్దుకొనే పచ్చడిలో ఎలాగూ ఉప్పు ఉంటుంది.

వడియాలలో పెద్దపీట గుమ్మడి వడియానిది. బూడిద గుమ్మడికాయను చిన్న ముక్కలుగా తరిగి, ఉప్పు, పసుపు కలిపి, గుడ్డలో మూటగట్టి, పైన బరువు పెట్టి రాత్రంతా ఉంచుతారు. నీరు పూర్తిగా దిగిపోవాలి. ఈ ఒక్క పని సరిగా జరగకపోతే తరువాతి శ్రమ అంతా వృథా. మరునాడు నానబెట్టిన మినపప్పును నీరు తగలకుండా గట్టిగా రుబ్బి, పచ్చిమిర్చి, జీలకర్ర, ఇంగువ చేర్చి, పిండిన ముక్కలతో కలుపుతారు. తడిగుడ్డ మీదనో, చాప మీదనో చిన్న చిన్న ముద్దలుగా పెడతారు. ఒక ప్రక్క ఆరిన తరువాత తిరగవేసి, లోపలి వరకు ఎండనిస్తారు. పైకి ఎండినట్లు కనబడి నడుమ పచ్చి మిగిలితే డబ్బాలో బూజు పడుతుంది. బూజు పట్టిన వడియాన్ని గీకి వేయించడం పొదుపు కాదు, ప్రమాదం.

బియ్యపు వడియాల పద్ధతి వేరు. బియ్యపు పిండిని నీటిలో చిక్కని జావగా ఉడికించి, గుడ్డమీద చెంచాతో పలుచని బిళ్ళలుగా వేస్తారు. ఎండిన తరువాత గుడ్డ వెనుక నీళ్ళు చిలకరిస్తే అవి సులువుగా ఊడివస్తాయి. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బి.పి.టి. 5204, అంటే సాంబ మసూరి, దేశమంతటా అన్నానికి పేరు పొందినా, ఇంట్లో మిగిలిన నూకలతో కూడా ఈ వడియాలు చక్కగా కుదురుతాయి.

ఎండిన వడియం నూనెలో పొంగడానికి కారణం దానిలో మిగిలిన కొద్దిపాటి తేమ. కాగిన నూనె తగలగానే ఆ తేమ ఆవిరై, గట్టిపడిన పిండిని ఒక్కసారిగా విప్పుతుంది. నూనె చాలినంత కాగకపోతే ఆవిరి మెల్లగా తప్పించుకొనిపోతుంది. వడియం పొంగక నూనె పీల్చి రాయిలా మిగులుతుంది. ఒక చిన్న ముక్క వేసి చూడాలి. అది వెంటనే తేలి విప్పారితే నూనె సిద్ధమైనట్లు. అయితే ఆ నూనెనే మళ్ళీ మళ్ళీ కాచడం మంచిది కాదు. వేపుడు నూనెలో చెడిన ధ్రువ సమ్మేళనాలు 25 శాతానికి మించితే దానిని వాడరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నియమం 2018 జూలై 1 నుంచి అమలులో ఉన్నది.

ఇక అందరికీ ఒకే గిన్నె ఉంచడంలోని చిక్కు. కొరికిన ముక్కను తిరిగి గిన్నెలో ముంచడం తెలుగింట ఎంగిలి. పెద్దల ఈ పట్టింపును చాదస్తమని నవ్వినవారున్నారు. అమెరికాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు పాల్ డాసన్ తన విద్యార్థులతో ఇదే విషయాన్ని పరీక్షించి 2009లో ఫలితాలను ప్రచురించాడు. గోధుమ క్రాకర్లను కొరికి ముంచినప్పుడు నోటిలోని బాక్టీరియా గిన్నెలోనికి చేరింది. చిక్కని చీజ్, చాక్లెట్ కన్నా పలుచని సల్సాలో అది చాలా ఎక్కువగా కనబడింది. పలుచని పదార్థం కొరికిన ముక్క నుంచి జారి తిరిగి గిన్నెలోనే పడుతుంది గదా! సల్సాలోని పులుపు వల్ల కాలం గడిచిన కొద్దీ ఆ సంఖ్య తగ్గినా, గిన్నె చుట్టూ చేరినవారు అంతవరకు ఆగరు.

తెలుగు విందులో ఈ చిక్కుకు విరుగుడు ఏనాడో ఉన్నది: ఎవరి విస్తరిలో వారికే పచ్చడి వడ్డించడం. విస్తరి లేని పార్టీలో మరొక ఉపాయం ఉన్నది. అద్దే వస్తువును ఒక్క నోటికి సరిపడేటట్లు చేయడం. పునుగులు ఉసిరికాయంత వేయాలి. అప్పడాన్ని వేయించక ముందే నాలుగు ముక్కలుగా తుంచాలి. వేయించిన తరువాత తుంచితే పొడి అవుతుంది. వడియానికి ఈ దిద్దుబాటు అక్కరలేదు, అది పుట్టుకతోనే ఒక్క కాటు. గారె మాత్రం పెద్దది, దానిని ఎవరి పళ్ళెంలో వారి పచ్చడితో పెట్టడమే మేలు. ఇక పచ్చడి సంగతి. వడియం బరువుకు తగ్గట్టు అది చిక్కగా ఉండాలి. పలుచని పచ్చడి వడియాన్ని చేతిలోనే మెత్తబరుస్తుంది. చింతపండు పులుపున్న అల్లం పచ్చడి కొంతసేపు నిలుస్తుంది. కొబ్బరి పచ్చడి వేసవిలో త్వరగా పులిసిపోతుంది కనుక దానిని కొంచెం కొంచెంగా తెచ్చి గిన్నె నింపాలి.

వేడి తగ్గకముందే మూతపెట్టిన డబ్బాలో ఆవిరి నీరై వడియాలను తడుపుతుంది. చల్లారిన తరువాత మూత తెరచి ఉంచితే సముద్రపు గాలి అదే పని చేస్తుంది. అందువల్ల తీరగ్రామాలలో అనుభవం గల వంటవారు పచ్చళ్ళు, కూరలు, పులుసు అన్నీ ముగించి, అతిథులు కాళ్ళు కడుగుకొని వచ్చి కూర్చుంటున్న వేళకు బాణలిని పొయ్యి మీదికి ఎక్కిస్తారు.