వీపు వంచితే వేగం పెరుగుతుందా?

ఎదురుగాలిలో సైకిలు తొక్కుకుంటూ బడికి వెళ్లే పిల్లలకు ఒక సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు. గాలి ముఖాన కొట్టగానే తల దించుతారు, మోచేతులు దగ్గరికి తీసుకుంటారు, హ్యాండిలు మీదికి వాలిపోతారు. వెంటనే పెడలు కాస్త తేలికవుతుంది. కాళ్లకు కొత్త బలమేమీ రాలేదు. మోసే బరువూ తగ్గలేదు. మరి తగ్గినదేమిటి? దీనికి జవాబు తెలిస్తే 'కెఫే రేసర్' అనే ఒక వింత మోటారు సైకిలు రహస్యం సగానికి పైగా తెలిసినట్టే.

ఆ బండి ఎలా ఉంటుందంటే, పొడవాటి పెట్రోలు టాంకు, దాని వెనుక ఒక్కరికే చాలే సీటు, సీటు చివర ఎద్దు మూపురం లాంటి చిన్న ఉబ్బు. మామూలు హ్యాండిలు కనిపించదు. దాని బదులు ముందు ఫోర్కు గొట్టాలకే బిగించిన రెండు పొట్టి కడ్డీలు ఉంటాయి. వాటిని 'క్లిప్ ఆన్'లు అంటారు. కాళ్లు పెట్టుకునే ఫుట్ రెస్టులు వెనక్కి, పైకి జరిగి ఉంటాయి. నడిపేవాడు టాంకు మీద బోర్లా పడుకున్నట్టు కనిపిస్తాడు. ఇలాంటి బండిని మొదట ఏ కంపెనీ తయారు చేయలేదు. కుర్రాళ్లు పాత బళ్లను విప్పి, కోసి, మార్చి చేసుకున్నారు.

ఇది లండన్‌లో మొదలైన కథ. అక్కడ నార్త్ సర్క్యులర్ రోడ్డు పక్కన 1938లో ఏస్ కెఫే అనే టీ హోటలు వెలిసింది. యుద్ధకాలంలో బాంబు దాడిలో దెబ్బతింటే 1949లో తిరిగి కట్టారు. మన హైవేల మీద లారీలు ఆగే దాబా లాంటిదే అనుకోండి. రాత్రీ పగలూ తెరిచి ఉండేది. 1950 దశకంలో చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్న పనివాళ్ల పిల్లలు అక్కడ చేరేవారు. నాణెం వేస్తే పాట పాడే జూక్ బాక్సు వాళ్లకొక ఆకర్షణ. పాట మొదలవగానే బయలుదేరి, ఫలానా మలుపు దాకా వెళ్లి, పాట అయిపోయేలోగా తిరిగి రావాలనే పందెం గురించి ఇప్పటికీ కథలు చెప్పుకుంటారు. పాట 3 నిమిషాలనుకుంటే, సగటున గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయి వచ్చేది మొత్తం 5 కిలోమీటర్లు. బయలుదేరడం, మలుపు తిరగడం, ఆగడం అన్నీ కలిపి ఆ సగటు రావాలంటే నడుమ ఎంత వేగంతో పోవాలో ఊహించుకోండి.

వాళ్లందరి కల ఒక్కటే: గంటకు 100 మైళ్లు, అంటే సుమారు 160 కిలోమీటర్లు. ఆ వేగాన్ని ముద్దుగా 'టన్' అనేవారు. అప్పట్లో బ్రిటన్‌లో ఊరి బయటి రోడ్ల మీద వేగానికి పరిమితే లేదు. 70 మైళ్ల హద్దు 1965 డిసెంబరులో వచ్చింది.

ఇంజను ఎంత ఇస్తుంది, గాలి ఎంత తింటుంది?

1959లో వచ్చిన ట్రయంఫ్ బోన్నెవిల్ ఆనాటి పేరున్న బళ్లలో ఒకటి. 650 సి.సి. ఇంజను, కంపెనీ చెప్పిన సామర్థ్యం 46 హార్స్ పవర్. అందులో గేర్లు, గొలుసు సుమారు పదో వంతు తినేస్తాయి. వెనుక చక్రానికి 41 మిగులుతుందనుకుందాం.

ఇప్పుడు ఖర్చు చూడండి. బండి ముందుకు పోవాలంటే ఎదురుగా ఉన్న గాలిని పక్కకు తోయాలి. వేగం రెట్టింపైతే సెకనుకు రెట్టింపు గాలిని తోయాలి, అదీ రెట్టింపు విసురుతో. అందుకే గాలి నిరోధ బలం వేగం వర్గాన్ని బట్టి, అంటే 4 రెట్లు పెరుగుతుంది. ఆ బలాన్ని ఎదిరిస్తూ సెకనుకు రెట్టింపు దూరం పోవాలి కాబట్టి కావలసిన సామర్థ్యం వేగం ఘనాన్ని బట్టి, అంటే 8 రెట్లు పెరుగుతుంది.

లెక్క కట్టే పద్ధతి తేలికే. గాలి సాంద్రతలో సగాన్ని గాలికి ఎదురుపడే వైశాల్యంతో గుణించాలి. ఆకారాన్ని బట్టి మారే ఒక గుణకం ఉంటుంది. దానితోనూ గుణించి, ఆపైన వేగాన్ని మూడుసార్లు గుణించాలి. గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కిలోలు, సగం 0.6. నిటారుగా కూర్చున్న మనిషి, బండి కలిసినప్పుడు వైశాల్యం, గుణకాల లబ్ధం సుమారు 0.6 చదరపు మీటర్లు. గంటకు 80 కిలోమీటర్లు అంటే సెకనుకు 22.2 మీటర్లు. గుణిస్తే సుమారు 3,940 వాట్లు వస్తుంది. హార్స్ పవర్‌కు 746 వాట్లు కదా, అంటే 5.3 హార్స్ పవర్. ఇంతేనా అనిపిస్తుంది. అదే 160 కిలోమీటర్ల వేగానికి 8 రెట్లు: 42 హార్స్ పవర్! టైర్లు రోడ్డు మీద దొర్లడానికి మరో 3 వేసుకోండి. కావలసినది 45, ఉన్నది 41. కుర్రాడు ఎంత తిప్పినా బండి 154 దగ్గర ఆగిపోతుంది. 'టన్' అందదు.

ఇప్పుడు అదే కుర్రాణ్ణి టాంకు మీదికి వంచండి. గడ్డం టాంకుకు ఆనాలి, మోకాళ్లు లోపలికి నొక్కాలి. పైన చెప్పిన లబ్ధం 0.6 నుంచి సుమారు 0.4కు తగ్గుతుంది. 160 కిలోమీటర్ల వేగానికి గాలి అడిగేది 28 హార్స్ పవర్ మాత్రమే. టైర్లతో కలిపి 31. చేతిలో ఇంకా 10 మిగిలింది. బండి 176 దాకా పోగలదు. (అయితే ఇంజను అంతకంటే వేగంగా తిరగలేదు కనుక, ముందు స్ప్రాకెట్టుకు ఒకటి రెండు పళ్లు పెంచి గేరు నిష్పత్తి సరిచేసుకోవాలి.) నిటారుగా కూర్చునే ఆ 176 అందుకోవాలంటే చక్రం దగ్గర 60 హార్స్ పవర్ కావాలి. వంచిన వీపు ఇంజనును దాదాపు ఒకటిన్నర రెట్లు చేసినట్టే కదా! ఇవి ఉజ్జాయింపు అంకెలే, మనిషి ఒడ్డూ పొడుగును బట్టి కొంత మారతాయి.

నమ్మకం కలగకపోతే ఒక పోస్టుకార్డును రెండు మూలల దగ్గర దారాలు కట్టి టేబుల్ ఫ్యాను ముందు వేలాడదీయండి. ఎంత వెనక్కి పోయిందో చూడండి. తరువాత దాన్ని నిలువునా మధ్యకు మడిచి, మడత ఫ్యాను వైపు వచ్చేలా వేలాడదీసి మళ్లీ చూడండి. కాగితం అదే, బరువు అదే.

బరువు తీసేస్తే?

కెఫే రేసర్ అనగానే అందరూ చేసే మొదటి పని విప్పి పారేయడం. మడ్ గార్డులు, వెనుక సీటు, సామాన్ల పెట్టె, క్రోమియం తొడుగులు అన్నీ పోతాయి. 180 కిలోల బండి, 70 కిలోల మనిషి కలిసి 250 కిలోలు. 20 కిలోలు తీస్తే 230. అదే బలానికి త్వరణం సుమారు 9 శాతం పెరుగుతుంది. సిగ్నలు దగ్గర బండి చురుగ్గా లేస్తుంది. కానీ గరిష్ఠ వేగం? దాదాపు ఏమీ మారదు. గాలి బండి బరువు చూడదు. టైర్ల దొర్లుడుకయ్యే 3 హార్స్ పవర్‌లో సుమారు పావు హార్స్ పవర్ మిగులుతుంది, అంతే. రంపం పట్టుకుని రోజుల తరబడి ఇనుము కోసినవాళ్లకు ఈ మాట రుచించదు.

ఫుట్ రెస్టులు వెనక్కి జరపడం మాత్రం షోకు కాదు. హ్యాండిలు కిందికి దింపి కాళ్లు ముందే ఉంచితే మనిషి జేబుకత్తిలా మడతపడి మోకాళ్లు మోచేతులకు తగులుతాయి. పైగా మలుపులో బండి వాలినప్పుడు కిందున్న ఫుట్ రెస్టు రోడ్డును గీరుతుంది. క్లిప్ ఆన్‌లతో మనిషి బరువు ముందు చక్రం మీదికి జరిగి, వేగంలో బండి నిలకడగా ఉంటుంది. ఒక తమాషా: గంటకు 100 కిలోమీటర్లు దాటితే గాలి ఛాతీని పైకి తోసి మణికట్ల భారం తగ్గిస్తుంది. ఊళ్లో 30 వేగంతో పోతుంటే ఆ సాయం ఉండదు. ట్రాఫిక్‌లో కెఫే రేసర్ నడిపేవాళ్లు చేతులు దులుపుకుంటూ కనిపించేది అందుకే.

ఆ రోజుల్లో అన్నిటికన్నా తెలివైన మార్పు 'ట్రైటన్' అని నా అభిప్రాయం. పేరులోనే కిటుకుంది: ట్రయంఫ్ ఇంజను, నార్టన్ ఫ్రేము. 1950లో నార్టన్ రేసు బళ్లకు మెకాండ్లెస్ సోదరులు రూపొందించిన కొత్త ఫ్రేము వచ్చింది. దాని మీద పోతుంటే ఈకల పరుపు మీద ఉన్నట్టుందని ఒక రేసరు అన్న మాటతో దానికి 'ఫెదర్ బెడ్' అనే పేరు స్థిరపడింది. అప్పుడే 500 సి.సి. చిన్న రేసు కార్లు కట్టేవారికి నార్టన్ ఇంజను కావలసి వచ్చింది. కంపెనీ ఇంజను విడిగా అమ్మదు. వాళ్లు మొత్తం బండి కొని, ఇంజను తీసుకుని, మిగతాది వదిలించుకునేవారు. అలా ఇంజను లేని మంచి ఫ్రేములు మిగిలాయి. వాటిలోకి తేలిగ్గా దొరికే ట్రయంఫ్ ఇంజను చేరింది.

ఆగేటప్పుడు

వేగం సంగతి చెప్పి ఆగే సంగతి చెప్పకపోతే సగం పాఠమే. గంటకు 160 కిలోమీటర్ల వేగంలో ఉన్న 250 కిలోల బండి, మనిషి గతిజ శక్తి సుమారు 2,46,000 జౌళ్లు. 30 డిగ్రీల దగ్గరున్న లీటరు నీటిని 89 డిగ్రీలకు వేడెక్కించగల శక్తి అది. బ్రేకు వేస్తే ఇదంతా కొద్ది సెకన్లలో వేడిగా మారి రెండు డ్రమ్ముల్లోకి దిగాలి. వేడెక్కిన లైనర్లకు పట్టు తగ్గుతుంది. వేగం రెట్టింపైతే ఈ శక్తి 4 రెట్లు.

బ్రేకులు బాగానే పట్టి సెకనుకు 6 మీటర్ల చొప్పున వేగం తగ్గుతోందనుకున్నా, 80 నుంచి ఆగడానికి 41 మీటర్లు, 160 నుంచి 165 మీటర్లు పడుతుంది. ప్రమాదం కంటపడి చెయ్యి బ్రేకు నొక్కేలోగా గడిచే ఒక సెకనులో మొదటిది 22, రెండవది 44 మీటర్లు ముందే పోయి ఉంటుంది. మొత్తం 63 మీటర్లు ఒకటి, 209 మీటర్లు ఒకటి. రాత్రి వేళ ఆనాటి హెడ్ లైటు వెలుగు 209 మీటర్లు పడేది కాదు. అంటే ఎదుట ఏదైనా ఉందని కనిపించేసరికే ఆగే అవకాశం దాటిపోయేది. వీపు వంచితే గాలి తగ్గింది గాని ఈ లెక్క తగ్గలేదు. నిజానికి కాస్త పెరిగింది, ఆపడంలో గాలి చేసే సాయం కూడా పోయింది కదా. ఆ రోడ్ల మీద ఎందరో కుర్రాళ్లు ఇరవై ఏళ్లు నిండకుండానే చనిపోయారు. బ్రిటన్‌లో హెల్మెట్ తప్పనిసరి అయినది 1973లోనే. ఏస్ కెఫే 1969లో మూతపడి, 2001లో మళ్లీ తెరుచుకుంది.

పాత బుల్లెట్టునో, యెజ్డీనో కెఫే రేసర్‌గా మార్చడం మన ఊళ్లలోనూ కనిపిస్తుంది. మీ వీధిలోని మెకానిక్ షెడ్డులో అలాంటి పని జరుగుతుంటే రెండు చోట్ల కళ్లు పెట్టి చూడండి. ఒకటి, ఎయిర్ ఫిల్టరు. పెట్రోలు సరిగా మండాలంటే దాని బరువుకు సుమారు 15 రెట్లు గాలి కావాలి. ఫిల్టరు పెట్టె తీసేసి తెరిచిన గరాటు పెడితే గాలి ఎక్కువై, కార్బ్యురేటరులో జెట్టు మార్చకపోతే ఇంజను మితిమీరి వేడెక్కుతుంది. పైగా మన దుమ్ము నేరుగా సిలిండరులోకి పోయి గోడలను గీరుతుంది. రెండవది, ఫ్రేము తోక. సీటు పొట్టిగా చేయడానికి దాన్ని కోస్తారు. వెనుక షాక్ అబ్జార్బర్ల పై కొస బిగించే చోటికి ఇవతల రంపం పడితే, గుంత వచ్చినప్పుడు ఆ దెబ్బ మోయడానికి ఇనుము మిగలదు.

ఇక చట్టం: 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, కంపెనీ నిర్దేశించి రిజిస్ట్రేషనులో నమోదైన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. వెనుక కూర్చున్నవారి చీర చక్రంలో పడకుండా ఉండే అడ్డు కూడా నియమాలలో ఉన్నదే. దాన్ని విప్పేయడం షోకు కోసమైతే పిచ్చితనమే.

ఈ కథకు మన పక్క ఊరితోనూ చుట్టరికం ఉంది. ఇంగ్లండులోని రెడిచ్‌లో పుట్టిన రాయల్ ఎన్‌ఫీల్డ్ 1955లో మద్రాసు మోటార్స్‌తో చేతులు కలిపింది. కుర్రాళ్ల మోజు కనిపెట్టి రెడిచ్ కంపెనీ 1964లో 'కాంటినెంటల్ జీటీ' అనే 250 సి.సి. కెఫే రేసర్‌ను తానే తయారు చేసి అమ్మింది. ఆ కంపెనీ 1970 నాటికి అక్కడ మూతపడినా మద్రాసులో బతికింది. 2018లో అదే పేరుతో 650 సి.సి. బండి తమిళనాడు నుంచే వచ్చింది. సామర్థ్యం 47 హార్స్ పవర్. బోన్నెవిల్‌కు ఒక్కటే ఎక్కువ. అయితే డ్రమ్ములు పోయి, రెండు చక్రాలకూ డిస్కు బ్రేకులు, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ వచ్చాయి.

మీకొక లెక్క. రేసు బళ్లకు గాలిని చీల్చే తొడుగు తగిలిస్తే పైన చెప్పిన లబ్ధం 0.3కు దిగిందనుకోండి. చక్రం దగ్గర అదే 41 హార్స్ పవర్, టైర్లకు 3. బండి గంటకు ఎన్ని కిలోమీటర్లు పోగలదు? ఆ వేగం నుంచి, సెకనుకు 6 మీటర్ల చొప్పున తగ్గితే, ఎన్ని మీటర్లలో ఆగుతుంది? రెండూ కట్టి చూడండి.