తీగ చివరి ఊరు

కృష్ణా పశ్చిమ డెల్టా వాసులకు 'చివరి భూములు' అనే మాటను వివరించనక్కరలేదు. కాలువ మొదట ఉన్నవారు తూములెత్తి తడుపుకోగా, సముద్రపు దాపునున్న పొలాలకు చేరేసరికి నీటిమట్టం దిగిపోతుంది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో పొడవైన లైన్ల కొసనున్న పల్లెలలో విద్యుత్తుదీ ఇదే తీరు. సంస్కృతంలో 'విద్యుత్' అంటే మెరుపు. కొసనున్న ఇంటిలో దీపం మినుకుమంటున్నప్పుడు ఆ పేరు కొంత పరిహాసంగానే తోస్తుంది.

దీని కారణాన్ని జార్జ్ ఓమ్ 1827లోనే సూత్రీకరించాడు. ఒక ఓమ్ నిరోధం గల తీగలో 10 ఆంపియర్లు ప్రవహిస్తే 10 వోల్టులు దారిలోనే ఖర్చవుతాయి. 40 ఆంపియర్లయితే 40. ట్రాన్స్‌ఫార్మరు వద్ద 230గా బయలుదేరినది చివరి ఇంటికి 190గా చేరుతుంది. నియమం ప్రకారం ఆరు శాతానికి మించి తేడా ఉండరాదు. అంటే 216కు దిగువకు పోరాదు. అమెరికాలో ఇంటిబండ్లు నిలిపే విడిదులలోనూ, వేసవి మధ్యాహ్నం అందరూ ఏసీలు వేయగానే చివరి స్తంభం వద్ద 120 వోల్టులు ఇలాగే తరిగిపోతాయి.

దీపం మసకబారితే ఓర్చుకోవచ్చు. మోటారు సంగతి వేరు. వోల్టేజి సగమైతే దాని తిప్పుడు బలం నాలుగోవంతుకు పడిపోతుంది. అదే భారాన్ని మోయడానికి అది ఎక్కువ కరెంటును లాగుతుంది. చుట్టలు వేడెక్కి కాలిపోతాయి. రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువులలో ఈ నష్టం ఇంకా తీవ్రం. రాత్రివేళ నాచు ప్రాణవాయువును విడుదల చేయదు, పైగా పీల్చుకుంటుంది. అందువల్ల తెల్లవారుజామున నీటిలో అది అత్యల్పంగా ఉంటుంది. ఆ వేళ ఏరేటర్లు ఆగితే, నెలల తరబడి పెంచిన రొయ్యలు సూర్యోదయానికి తేలిపోవచ్చు.

చాలామంది స్టెబిలైజరు కొంటారు. అది తన ఇంటి వోల్టేజిని పెంచడానికి లైను నుండి మరింత కరెంటును తీసుకుంటుంది. ఫలితంగా పక్కింటి దీపం ఇంకా కుంగుతుంది. మోటారుకు తగిన కెపాసిటరు అమర్చడం నిస్సందేహంగా మేలు. అది వృథాగా అటూ ఇటూ తిరిగే కరెంటును తగ్గించి, లైను మీది అందరికీ ఊరటనిస్తుంది.

అసలు చికిత్స మాత్రం లైనులోనే జరగాలి. 415 వోల్టులకు బదులు 11,000 వోల్టుల తీగనే పొలం దాకా తెచ్చి, రెండు మూడు మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెడితే, అదే శక్తికి కరెంటు సుమారు 26వ వంతు చాలు. నష్టం కరెంటు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక, అదే తీగలో అది దాదాపు 700వ వంతుకు తగ్గుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2000 తరువాతి దశాబ్దంలో వ్యవసాయ లైన్లను ఈ పద్ధతికి మార్చే పని విస్తృతంగా సాగింది.