నల్లబెల్లం – తెల్లబెల్లం

మాది అనకాపల్లి దగ్గర చెరకు పండించే ఊరు. లేబొరేటరీలో సోడియం హైడ్రోసల్ఫైట్ సీసా చూడగానే మా బెల్లం పెనం గుర్తొచ్చింది. మా నాన్న దాన్ని ‘హైడ్రోస్’ అంటాడు. మరిగే రసంలో వేస్తే రంగు పదార్థాలను క్షయకరణం చేస్తుంది. దిమ్మ పసుప్పచ్చగా మెరుస్తుంది. నిలవుంటే మళ్లీ నల్లబడుతుంది, గంధకం శేషం మాత్రం లోపలే ఉంటుంది!

కేకుల్లో వాడే బ్రౌన్ షుగర్‌ది ఇంకో వేషం. చాలావరకు అది తెల్ల పంచదారకు మొలాసిస్ తిరిగి కలిపినదే. బెల్లంలోనైతే మొలాసిస్‌ను అసలు విడదీయరు. ఆ మొలాసిస్‌లోని ఆమ్లాలే తినేసోడాతో కలిసి కార్బన్ డయాక్సైడ్ పుట్టించి కేకును పొంగిస్తాయి.

సెలవుల్లో ఇదంతా చెప్పి, “ఈ ఏడు హైడ్రోస్ వద్దు నాన్నా” అన్నాను.

“నల్లదిమ్మకు ధర నువ్విస్తావురా?” అన్నాడు.

జవాబు నా దగ్గర లేదు. ఇంటికి వాడుకునే దిమ్మలకు మాత్రం ఆయన బెండ జిగురుతోనే మడ్డి తీస్తాడు.