కీబోర్డు పలకదు, మౌస్ కదలదు: తప్పు ఎవరిది?

మీరు అమృతలూరులో బడి కంప్యూటర్ గదిలో కూర్చున్నారనుకోండి. అరగంటసేపు కష్టపడి టైపు చేసిన పాఠం తెర మీద ఉంది. ఇంకా సేవ్ చెయ్యలేదు. ఉన్నట్టుండి అక్షరాలు పడటం మానేశాయి. మౌస్ తిప్పి చూశారు. బాణం గుర్తు ఉన్నచోటనే ఉండిపోయింది. ఇప్పుడేం చేస్తారు?

చాలామంది చేసే పని ఒకటే. చేతికందిన మీటనల్లా టకటకా నొక్కుతారు. అప్పటికీ కదలకపోతే స్విచ్చి కట్టేస్తారు. దాంతో అరగంట శ్రమ గాలికి పోతుంది. రోగం ఏమిటో మాత్రం తేలదు. మర్నాడు ఎవరో తెనాలి వెళ్ళి కొత్త కీబోర్డు కొనుక్కొస్తారు. దాన్ని తగిలించినా అక్షరం పడకపోతే అప్పుడు తల గోక్కుంటారు.

కాస్త ఆగి ఆలోచిద్దాం. కీబోర్డు ఒక పరికరం, మౌస్ మరొక పరికరం. ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. అలాంటివి రెండూ ఒకే క్షణంలో, ఎవరి మానాన అవి చెడిపోవటం ఎంత అరుదు! మీ ఇంట్లో ఒక దీపం ఆరిపోతే బల్బు పోయిందంటారు. వీధి వీధంతా ఒక్కసారి ఆరిపోతే ఇంటింటికీ వెళ్ళి బల్బులు విప్పి చూస్తారా? చూడరు కదా. ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూస్తారు. ఇక్కడా అంతే. రెండూ కలిసి ఆగిపోయాయంటే, రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో వెతకాలి.

అన్నిటికంటే పెద్ద ఉమ్మడి ఆస్తి కంప్యూటరే. అది పని ఒత్తిడికి బిగుసుకుపోయి, మీ మాట వినే స్థితిలో లేకపోవచ్చు. ఆ సంగతి కనిపెట్టటానికి మంచి కిటుకు ఒకటి ఉంది. కీబోర్డు మీద ‘క్యాప్స్ లాక్’ అనే మీట నొక్కితే చిన్న దీపం వెలుగుతుంది. మీట కిందనున్న స్విచ్చే ఆ దీపాన్ని వెలిగిస్తుందనుకుంటాం. కాదు! మీట నొక్కిన వార్త ముందు తీగ వెంట కంప్యూటర్‌కు చేరుతుంది. కంప్యూటర్ దాన్ని చదివి, ‘దీపం వెలిగించు’ అని తిరిగి ఆజ్ఞ పంపుతుంది. అప్పుడే దీపం వెలుగుతుంది. అంటే ఆ చిన్న దీపం వెలిగిందంటే మీ వేలి నుంచి కంప్యూటర్ దాకా, అక్కడి నుంచి మళ్ళీ కీబోర్డు దాకా దారి అంతా బాగానే ఉన్నట్టు. ఒక్క మీటతో రానుపోను రెండు దారులకూ పరీక్ష!

తెర మూలనున్న గడియారాన్ని కూడా చూడండి. అది నిమిషానికోసారి మాత్రమే మారుతుంది కాబట్టి ఓపిగ్గా ఒక నిమిషం ఆగాలి. నిమిషం దాటినా అంకె మారలేదు, దీపమూ మారలేదు అనుకోండి. అప్పుడు బిగుసుకుపోయింది కంప్యూటర్. కీబోర్డుకు ఏ పాపమూ తెలియదు. రెండు మూడు నిమిషాలు ఊరుకుంటే అదే తేరుకోవచ్చు కూడా. గడియారం చక్కగా నడుస్తూ, దీపం మాత్రం మారకపోతే లోపం దారిలో ఉంది.

ఆ దారి ఎలాంటిది? ఇప్పుడు ఎక్కువగా వాడే యు.ఎస్.బి. తీగలో, పైనున్న తొడుగు తీసి చూస్తే, నాలుగు సన్నని తీగలుంటాయి. రెండు తీగలు 5 వోల్టుల విద్యుత్తు తెస్తాయి. మిగతా రెండూ కబుర్లు మోస్తాయి. తగిలించగానే కంప్యూటర్ ‘నువ్వెవరు?’ అని అడుగుతుంది. ‘నేను కీబోర్డును’ అని అవతలి నుంచి జవాబు రావాలి. జవాబు రాకపోతే విద్యుత్తు అందుతున్నా కీబోర్డును చేర్చుకోదు. ఒక్కోసారి తీగను ఊడదీసి మళ్ళీ తగిలిస్తే పనిచేయటానికి కారణం ఇదే. ఆ పలకరింపు మళ్ళీ మొదటినుంచి జరుగుతుంది.

పెట్టె ముందువైపున్న రెండు సాకెట్లూ చాలా కంప్యూటర్లలో లోపల ఒకే తీగకట్టతో ప్రధాన పలకకు కలుస్తాయి. ఆ కట్ట వదులైతే రెండు సాకెట్లూ ఒక్కసారే మూగబోతాయి. కీబోర్డునూ మౌస్‌నూ వెనకవైపు సాకెట్లలో పెట్టి చూడండి. తీగల్లేని జత అయితే రెండింటికీ కలిపి గోరంత రిసీవరు ఒకటుంటుంది. అది సరిగా కూర్చోకపోతే రెండూ ఆగుతాయి. ఆ రెండింటి బ్యాటరీలూ ఒకేసారి అయిపోవటం మాత్రం అరుదు. రిసీవరు 2.4 గిగాహెర్ట్‌జ్ రేడియో తరంగాల మీద పనిచేస్తుంది. యు.ఎస్.బి. 3.0 పరికరాలు, ముఖ్యంగా బయట తగిలించే హార్డ్ డిస్కులు, అదే ప్రాంతంలో రొద పుట్టిస్తాయని ఇంటెల్ కంపెనీ 2012లోనే చెప్పింది. హార్డ్ డిస్కు పక్కనే రిసీవరు పెడితే మౌస్ తడబడటంలో వింతేమీ లేదు.

పాత కంప్యూటర్లలో గుండ్రని సాకెట్లుంటాయి. ఊదారంగుది కీబోర్డుకు, ఆకుపచ్చది మౌస్‌కు. 1987లో ఐ.బి.ఎమ్. కంపెనీ తెచ్చిన పద్ధతి ఇది. ఇందులో, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు ఏవి తగిలించి ఉన్నాయో వాటినే చాలా యంత్రాలు గుర్తిస్తాయి. మధ్యలో ఊడితే మళ్ళీ తోసినంత మాత్రాన లాభం లేదు. కంప్యూటర్ ఆపి, తగిలించి, మళ్ళీ మొదలుపెట్టాలి.

ఇక మార్పిడి పరీక్ష. బడిలో ఇది చాలా సుళువు. పక్క కంప్యూటర్ కీబోర్డును తెచ్చి ఇక్కడ పెట్టండి. ఇక్కడిది అక్కడ పెట్టండి. లోపం కీబోర్డు వెంట వెళ్ళిందా, ఉన్నచోటే ఉండిపోయిందా? వెళితే కీబోర్డుదే తప్పు. ఉండిపోతే కంప్యూటర్‌ది. ఒక్కటి గుర్తుంచుకోండి. ఒకసారికి ఒక్క మార్పే చెయ్యాలి. కీబోర్డూ సాకెట్టూ రెండూ ఒకేసారి మార్చారంటే, బాగయినా ఏది మారటం వల్ల బాగయిందో చెప్పలేరు. ప్రయోగశాలలో శాస్త్రవేత్తలు చేసేదీ ఇదే పని, తెల్లకోటు ఒక్కటే తేడా.

తప్పు కీబోర్డుదేనని తేలిందనుకోండి. లోపల ఏముందో తెలిస్తే మజాగా ఉంటుంది. 104 మీటలున్నాయి కాబట్టి 104 జతల తీగలుంటాయనుకుంటున్నారా? లేవు. ఒకదానిపై ఒకటి పరిచిన పల్చని ప్లాస్టిక్ పొరలుంటాయి. పై పొర మీదా కింది పొర మీదా విద్యుత్తు ప్రవహించే సిరాతో గీతలు గీసి ఉంటాయి. నడిమి పొరలో మీటకో చిల్లు ఉంటుంది. మీట నొక్కితే చిల్లులోంచి పై గీత కింది గీతను తాకుతుంది. అడ్డంగా 8, నిలువుగా 18 గీతలుంటే చాలు, 26 గీతలతో 144 కూడళ్ళు వస్తాయి! లోపలి చిప్పు ఏ కూడలి కలిసిందా అని సెకండుకు కొన్ని వందలసార్లు వరస చూస్తుంటుంది. ఒక్క మీటే పనిచెయ్యకపోతే ఆ మీట కింద బియ్యపు గింజో, చీమో, ధూళో ఇరుక్కున్నట్టు. అయిదారు మీటలు కలిసి పోతే ఒక గీత తెగినట్టు. ఆ అయిదారూ ఒకచోట ఉండకపోవచ్చు. లోపలి గీతలు పైనున్న వరసల ప్రకారం నడవవు. పనిచెయ్యని మీటల పేర్లు కాగితం మీద రాసుకుంటే బాగుచేసే మనిషికి సగం పని తప్పుతుంది.

అమృతలూరు కృష్ణా డెల్టాలో ఉంది. వానాకాలంలో గాలి నిండా తేమ, నూర్పిళ్ళ రోజుల్లో గాలి నిండా ధూళి. ఈ రెండూ మీటల సందుల్లో చేరితే ముద్దలా గట్టిపడతాయి. తీగ ఊడదీసి, కీబోర్డును బోర్లించి తట్టండి. మెత్తని పొడి కుంచెతో దులపండి. టీ ఒలికిందా, ముందు తీగ పీకెయ్యండి. నీరు ఆరినా టీలో కరిగిన పదార్థాలు జిగురులా మిగిలి, సిరా గీతలను తినేస్తాయి. బోర్లించి ఒకటి రెండు రోజులు నీడన ఆరబెట్టాలి. ఎండలో పెడితే ప్లాస్టిక్ పొరలు వంకర్లు పోతాయి. ల్యాప్‌టాప్ మీద ఒలికితే మాత్రం వెంటనే ఆపి మెకానిక్‌కు చూపించాలి. దాని కీబోర్డు కిందనే ప్రధాన పలక ఉంటుంది.

మౌస్ సంగతి వేరు. 1964లో అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం చేసిన మొదటి మౌస్ చెక్కది, అడుగున రెండు చక్రాలు. ఇప్పటి మౌస్ అడుగున చక్రాలూ లేవు, బంతీ లేదు, చిన్న కెమెరా ఉంది! అది బల్ల ఉపరితలాన్ని సెకండుకు వెయ్యికి పైగా ఫొటోలు తీసి, ఒకదానితో ఒకటి పోల్చి, ఎటు కదిలామో లెక్కకడుతుంది. గాజుపలక మీద పెడితే పోల్చటానికి గుర్తులేమీ కనిపించవు. అడుగున తెల్లకాగితం వేసి చూడండి. కంటికి నున్నగా ఉన్న కాగితంలో కెమెరాకు నారపోగులు కావలసినన్ని కనిపిస్తాయి. కెమెరా చిల్లులో వెంట్రుక అడ్డుపడినా బాణం గంతులు వేస్తుంది.

కొన్నిసార్లు అసలేదీ చెడిపోదు. విండోస్‌లో కుడి షిఫ్టు మీటను 8 సెకండ్లు నొక్కి ఉంచితే తెర మీద ఒక ప్రశ్న వస్తుంది. చదవకుండా ఒప్పుకున్నారో, ఇక క్షణంలో నొక్కి వదిలిన మీటలను లెక్కచెయ్యదు. చేతులు వణికేవారి కోసం పెట్టిన సదుపాయం అది. మళ్ళీ 8 సెకండ్లు నొక్కితే పోతుంది. ఇంగ్లీషు ‘హెచ్’ నొక్కితే ‘ప’ పడుతోందా? ఎవరో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ పద్ధతికి మార్చి వదిలేశారు. విండోస్ మీటా స్పేస్ మీటా కలిపి నొక్కితే భాష మారుతుంది.

మరి సేవ్ చెయ్యని పాఠం మాటేమిటి? మౌస్ ఒక్కటే పోతే కంట్రోల్, ఎస్ కలిపి నొక్కి పాఠం దాచుకోవచ్చు. కీబోర్డు ఒక్కటే పోతే మౌస్‌తో సేవ్ గుర్తు నొక్కవచ్చు. పేరు అడిగితే తెర మీద వచ్చే కీబోర్డు బొమ్మ మీద అక్షరాలు ఏరుకోవచ్చు. రెండూ పోయి గడియారం నడుస్తుంటే పక్క కంప్యూటర్ కీబోర్డు తెచ్చి వెనక సాకెట్లో పెట్టండి. పాఠం ఇంకా అక్కడే ఉంది. గడియారమూ ఆగిపోయి, పది నిమిషాలు చూసినా చలనం లేకపోతే, అప్పుడు పవర్ బటన్ను నాలుగైదు సెకండ్లు నొక్కి పట్టుకోండి.